నాలుగో రేకు

కరోనాకు ముందు ఏడాది. జగిత్యాలలో నా ఎకో గది అప్పట్లో మెట్ల కింద ఉండేది. ఎకో అంటే శబ్ద తరంగాలతో గుండెను తెరమీద చూసే పరీక్ష. ఏసీ చల్లబరిచిందానికంటే కారిందే ఎక్కువ. అయినా ఆ ఇరుకు గదంటే నాకెంత ఇష్టమో!

ఇబ్రహీంపట్నం నుంచి గంగారాం వచ్చాడు. దుబాయిలో డ్రైవరు. సెలవులో జ్వరమొచ్చి చూపించుకుంటే గుండెలో మర్మర్, అంటే అదనపు చప్పుడు, వినబడింది. చిన్నప్పటి కీళ్లజ్వరంతో వాల్వ్ చెడిందని చెప్పి నా దగ్గరికి పంపారు.

"మేడం, అచ్చే వారం ఫ్లైటు. ఫిట్ అని రాసియ్యుండ్రి, పోత."

"ముందు పడుకో తమ్మీ. నీ దుబాయి యాడికీ పోదు."

అయోర్టిక్ వాల్వ్ గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే తలుపు. మామూలుగా దానికి మూడు రేకులుంటాయి. ఇతనికి ముగ్గులో పువ్వులా నాలుగు! ఓర్నాయనో అనుకున్నాను. పుస్తకంలో తప్ప ఎక్కడా చూసి ఎరగను. నమ్మకం కుదరక, సన్నని గొట్టం మింగించి లోపలి నుంచి కూడా చూశాను. మూడు సమానం, నాలుగోది చిన్నది. ఇలాంటి వాల్వులను రేకుల సైజును బట్టే రకాలుగా విడదీస్తారు. ఇది పుట్టుకతో వచ్చింది, జ్వరం చేసింది కాదు. రేకులు కలిసేచోట సందు ఉండి రక్తం కొంత వెనక్కి లీకవుతోంది.

అతను బయట బెంచీ మీద కూర్చోగానే భార్య రజిత తలుపు దగ్గరికి వేసింది.

"నీ కాల్మొక్త మేడం, దుబాయి పోవద్దని రాయి. రెండేండ్లకోపారి అచ్చుడు, నెల ఉండుడు, పోవుడు. మొన్న బిడ్డ గాయన్ను సూసి అంకుల్ అన్నది."

"ఉన్నదే రాస్తనమ్మా, లేనిది రాయ" అన్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఉన్నదే రాశాను. డ్రైవింగు చేయొచ్చు, బరువులెత్తొద్దు, లీకు పెరుగుతుందేమో చూడటానికి ఏడాదికోసారి ఎకో తప్పనిసరి. దుబాయిలోనైనా చేయించుకోవచ్చని కూడా చెప్పాను.

"అక్కడెందుకు మేడం? దీన్ని గుర్తువట్టింది మీరు. మీ కాడికే అస్త" అన్నాడు గంగారాం.

కరోనా ఏడాది తప్ప ఏటా వస్తున్నాడు, భార్యాబిడ్డలతో. లీకు అంతే ఉంది. ఇప్పుడు నాది పెద్ద గది, ఏసీ కారదు. ఉన్నది ఉన్నట్టు రాయడమంటే రజితను కాదనడమే అని ఆ రోజు బాధపడ్డాను. అది ఒకరిని ఇంటికి కూడా రప్పిస్తుందని వీళ్లే నేర్పారు.

మొన్న బిడ్డ తెరకేసి వేలు చూపించింది. "బాపూ, గా సిన్న రేకేనా నిన్ను ఏటా తోల్కచ్చేది?"