లారియన్ ఆగిన పది రోజులు

లారియన్ కబటోవ్ మా పక్క పొలం వాడు. కెనడాలోని స్లోకన్ లోయలో పుట్టి, అరవై ఏడేళ్లూ అక్కడే గడిపాడు. మాంసం ముట్టడు, పురుగుమందు కొట్టిన కూర ముట్టడు. ఇంటికి నాలుగు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చని చట్టం వచ్చాక వాటినీ బంగాళాదుంపల్లాగే పెంచాడు. గొర్రెల పెంట, చేపల ఎరువు, కుళ్లబెట్టిన ఆకు, అంతే.

ఆ సంవత్సరం మొక్కలు అక్క దూన్యా కోసం. క్యాన్సర్ మందు ఎక్కించిన వారమంతా ఆమెకు రోజూ తాగే బోర్ష్ సూప్ వాసన కూడా పడేది కాదు. రెండు దమ్ములు పీలిస్తే నాలుగు చెంచాలు దిగేవి.

ఆగస్టు ఆఖర్న, వానలు పడుతుండగానే, మొదట పండిన కొమ్మ కోసి, ఆరబెట్టి, సీసాలో నింపి ఆమెకిచ్చాడు. సెప్టెంబరు పన్నెండున కొండ కొమ్మున మంచు తెల్లగా కనిపించింది.

"కోసెయ్ లారియన్. సరస్సు మీది పొగమంచు మధ్యాహ్నం దాకా కదలట్లేదు, ఈ తేమకి బూజు పడుతుంది," అన్నాను.

"ఇంకో పది రోజులు ఆగితే బలం పడుతుంది. అక్కకి సగం పండింది ఇస్తానా?"

"పైన పట్టా అయినా కప్పు."

"ప్లాస్టిక్ కింద పెంచడానికి ఇదేమన్నా సంత సరుకా?" అని నవ్వాడు.

తొమ్మిది రోజులు ముసురు. పదో రోజు నేను వెళ్లేసరికి లావుపాటి పూగుత్తి ముందు నిలబడి ఉన్నాడు. మధ్యలో ఒకే ఒక ఆకు పాలిపోయింది. లాగితే పట్టు లేకుండా ఊడి వచ్చింది. గుత్తి చీల్చాడు. లోపలంతా బూడిదరంగు బూజు. పక్కది చీల్చాడు, అదీ అంతే. పైకి మాత్రం పచ్చగా, ఘుమఘుమలాడుతూ ఉన్నాయి.

"అక్కకిచ్చిన మొదటి కొమ్మ విప్పి చూడలేదు," అన్నాడు మెల్లగా.

ఇద్దరం దూన్యా ఇంటికి పరుగున వెళ్లాం.

"అక్కా, ఆ సీసా ఇటివ్వు."

"ఏంరా, నీకూ ఆకలి చచ్చిందా?"

"ఇవ్వక్కా."

సగం ఖాళీ. ఒక గుత్తిని కిటికీ వెలుగులో చిదిమాడు. వేళ్లకు బూడిద అంటింది.

"కాస్త ముక్కిన వాసన వచ్చింది. నీ ఎరువు వాసనేమో అనుకున్నా," అంది ఆమె.

ఐదో రోజు దూన్యాకు జ్వరం వచ్చింది. లారియన్ ఆసుపత్రిలో డాక్టరు ముందు సీసా పెట్టి అంతా చెప్పాడు. "ఒంట్లో శక్తి ఉన్నవాళ్లయితే దగ్గుతో పోయేది," అని ఆగిపోయింది డాక్టరమ్మ. బూజు ఊపిరితిత్తుల్లో పాకింది. ఆరు వారాలు పోరాడి దాన్ని అణిచారు. ఆ ఆరు వారాలూ క్యాన్సర్ మందు ఆపారు.

మార్చిలో దూన్యా పోయింది. ఆ బూజు వల్లేనని డాక్టరు అనలేదు, కాదనీ అనలేదు. పోయే ముందు ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని, "ఎవరైనా అడిగితే నా రోగమే అని చెప్పరా," అంది.

అతను ఆ మాట వినలేదు. చివరి చూపుకి వచ్చిన ప్రతి ఒక్కరికీ, అడక్కపోయినా, జరిగింది చెప్పాడు. కొందరు భుజం తట్టారు. దూన్యా కూతురు మాత్రం రొట్టెల పళ్లెంతో వరసగా అందరికీ వడ్డిస్తూ వచ్చి, అతని ముందు ఆగకుండా నా దగ్గరికి జరిగింది.