బకెట్ పెట్టి లెక్కపెట్టే మేస్త్రీ

పెద్ద ట్యాంకు కొంటే పెద్దమనిషినవుతాననుకున్న తెలివి నాది. కేసముద్రం మార్కెట్ దగ్గర నాకో టిఫిన్ హోటల్ ఉండేది. బోరు నీళ్లలోని ఇనుముకి ఇడ్లీలు ఎర్రబడి, హమాలీలంతా ఎదుటి హోటల్‌కి పోతున్నారు. దాంతో దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద ఇసుక ఫిల్టర్ ట్యాంకు తెచ్చేశాను.

బిగించడానికి వచ్చిన నల్లాల మేస్త్రీ ముందుగా నల్లా కింద బకెట్ పెట్టి, అది నిండేదాకా పైకి వినబడేలా అంకెలు లెక్కపెట్టాడు. ఏ ఇంటికి వెళ్లినా ఆయన మొదటి పలకరింపు అదే.

"అన్నా, గీ సన్న పైపుల నిమిషానికి ఒక్క బకెట్టే వస్తది. నీ హోటల్‌కు గదే చాలు. గంత పెద్ద ట్యాంకుల ఇసుకకు పట్టిన తుప్పు కడగాలంటే మూడు బకెట్ల జోరు గావాలె. చిన్నది తే."

"పెద్దగుంటే ఏం పోయిందే?" అని పట్టుబట్టి బిగింపజేశాను. వారానికే ఇసుక తుప్పుతో నిండి, ఇడ్లీలు మళ్లీ ఎర్రబడ్డాయి. నోరు మూసుకుని చిన్నది తెచ్చాక తెల్లబడ్డాయి, హమాలీలూ తిరిగొచ్చారు.

మేస్త్రీ మాత్రం రోజూ మా హోటల్లోనే తింటూ, నా పెద్ద ట్యాంకు కథ హమాలీలందరికీ చెప్పి నవ్వించేవాడు. ఒకరోజు ఫిల్టర్ చేయని బోరు నీళ్లతో పిండి రుబ్బి, నాలుగు ఎర్ర ఇడ్లీలు ఆయన ముందు పెట్టాను.

"ఏందన్నా గిది?"

"రోజు నా కథ జెప్తున్నవు గదనే, జర దాని రుచి గూడ జూడు."