ఆంజనేయులు మాస్టారి అనుమానం

బందరులో పాలిటెక్నిక్ పిల్లలకి సర్క్యూట్ల లెక్కలూ, పైపుల్లో నీటి ప్రవాహం లెక్కలూ ఊరికే చెప్పిపెట్టే సీతారామాంజనేయులు మాస్టారికి ఏ విద్యార్థి మీదా నమ్మకం లేదు. పుస్తకం చివర జవాబుల పేజీలకు రబ్బరు బ్యాండు బిగించి, కళ్లజోడు పైనుంచి చూస్తూ, "లెక్క అర్థం కావాలనా, నా చేత చేయించుకు పోవాలనా?" అని మొదలెడతారు. చేసి చూపించే ప్రతి లెక్కలోనూ కావాలనే ఒక తప్పు వేస్తారు. దాన్ని పట్టుకోకుండా నోట్సులోకి ఎక్కించుకున్నవాళ్లు మర్నాటి నుంచి రానక్కర్లేదు.

సప్లిమెంటరీ పరీక్ష నెత్తిమీదున్న మంగినపూడి దివ్యశ్రీ ఓ రోజు ఆయన చేసిన పైపు లెక్కని నోరెత్తకుండా రాసుకుంది. "దొరికావు! సెంటీమీటర్లని నేను మీటర్లు చెయ్యలేదు, చూశావా? ఇక దయచెయ్యమ్మా," అన్నారు మాస్టారు. "చూశానండీ. పెద్దవారు, తప్పని మొహమ్మీద ఎలా అంటానండీ?" "ఓహో! నేను చెప్పాక చూశావన్నమాట." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "లేదండీ, రెండూ ముందే చూశాను." "రెండేమిటి?" దివ్యశ్రీ పై లైను మీద వేలు పెట్టింది. "పైపు వ్యాసం సగమైతే నీటి వేగం నాలుగింతలవ్వాలి కదండీ. మీరు రెండింతలే వేశారు." మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆ లైను చాలాసేపు చూశారు. తరవాత ఆ పిల్లని అంతకన్నా అనుమానంగా చూశారు. "అదీ కావాలనే వేశాను," అన్నారు. "రేపు పెందలాడే రా."