మూడు మంచి మాటలు, ఒకే చెంబు

ఇరవై ఏళ్ల కిందట, ఎమ్మెస్‌డబ్ల్యూ చదివే రోజుల్లో, ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెలో నెల రోజులున్నాను. పిల్లలకు విరేచనాలైతే ఉప్పు, చక్కెర నీళ్లు ఎలా కలపాలో ఆడవాళ్లకు నేర్పడం నా పని. జీవితంలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటేననుకుంటూ వచ్చాను. నిజంగా పనికొచ్చిందా? ఆ అనుమానమే మొన్న నన్ను మళ్లీ ఆ దారి పట్టించింది.

నంద్యాల బస్టాండులో ఏడున్నరకు బస్సెక్కాను. శిరివెళ్ల మీదుగా గంటకు పైనే పట్టింది, టికెట్టు డెబ్బై లోపే. ఆళ్లగడ్డ నుంచి షేర్ ఆటోకు ముప్పై.

"యాడికి మేడమ్? ట్రస్టోళ్లా?" అన్నాడు డ్రైవరు. కాదన్నాను. "పోయిన నెల మూడు బండ్లొచ్చినాయి. చేతులు కడిగేది మూడుసార్లు నేర్పిరి. కొళాయిలో నీళ్లు మాత్రం రాలా."

అప్పట్లో రోజూ నాకు ఉగ్గాని పెట్టిన ఖాసింబీ ఇంటికే నేరుగా వెళ్లాను. తల పూర్తిగా నెరిసింది. "ఉప్పమ్మా! నువ్వేనా?" అంటూ చేయి పట్టుకుంది. ఊరు నాకు పెట్టిన ఆ పేరు వినగానే కళ్లు చెమర్చాయి. లోపల మంచం మీద ఆమె మనవరాలు వాడిపోయి పడుంది. నిన్నటి నుంచి విరేచనాలట. ఖాసింబీ చెంబెడు నీళ్లలో ఓఆర్ఎస్ ప్యాకెట్ పోసింది. ఆ మీద చెంచాతో ఉప్పు, చక్కెర. మళ్లీ మూడువేళ్లతో చిటికెడు ఉప్పు.

"ఏందీ ఖాసింబీ, అన్నీ వేస్తాండావ్?"

"ప్యాకెట్టు ఊళ్లో ఆశా వర్కరమ్మ ఇచ్చింది. చెంచా లెక్క తెల్లజీపులో వచ్చిన ట్రస్టోళ్లు చెప్పిరి. చిటికె నీది. అందరూ మేలుకే చెప్పినారు గదమ్మా, ఒకరి మాట తీసేస్తే ఎట్ల?"

నాలుక మీద వేసుకుని చూశాను. కన్నీళ్లకన్నా ఉప్పన. అంత ఉప్పు ఆ పసిదానికి ప్రమాదం.

"పారబొయ్యి. ప్యాకెట్టు ఒక్కటే కలుపు. నేను చెప్పింది మర్చిపో."

ఆమె ముఖం చిన్నబోయింది. "నా బిడ్డలిద్దరికీ నీ చిటికెతోనే నయమాయ. ఇప్పుడు మర్చిపోమంటావా?"

"అప్పుడు ఊళ్లో ప్యాకెట్లు దొరికేవి కావు ఖాసింబీ" అన్నాను.

ఆమె చెంబు ఒలకబోసింది. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లు కొలిచి కొత్తగా కలిపాం. ఖాసింబీ ఇచ్చిన నంబరుకు నేను ఫోన్ చేస్తే ఆశమ్మ వచ్చి చూసింది. గుటక గుటకగా తాగిస్తే, మధ్యాహ్నానికి పిల్ల లేచి కూర్చుని, "దాదీ, ఆకలైతాంది" అంది.

తిరుగు బస్సులో ఎంతకీ మనసు కుదుటపడలేదు. మేమంతా ఎవరికి వారు నేర్పి వెళ్లిపోయాం. ముందొచ్చినవాళ్లు ఏం చెప్పారని ఒక్కరమూ అడగలేదు. ఖాసింబీ మాత్రం మాలో ఎవరినీ చిన్నబుచ్చలేదు.

మీరూ ఇలాంటి పని మీద ఏదైనా ఊరికి వెళ్తుంటే, ముందు ఒక తల్లిని, ఆ నీళ్లు తనకు తెలిసినట్టు కలిపి చూపించమనండి. మీరు చెప్పేది ఆ తర్వాత.