మామ తోటకు ఒంటి బటన్

వేంపల్లెలో మా మేనమామ ఇంటికీ, ఆయన చీనీతోటకూ (మీ బత్తాయే) మధ్య దూరం ఆరు కిలోమీటర్లు. నేను తయారుచేసిన బటన్ వెడల్పు నాలుగు సెంటీమీటర్లు. నాలుగు సెంటీమీటర్లతో ఆరు కిలోమీటర్ల అవతలి తోటను ఎండబెట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. అందుకు ఇంజనీరింగు చదవాలి.

మోకాలి ఆపరేషన్ అయిన ఓబులేసు మామను డాక్టరు ఇల్లు కదలవద్దన్నాడు. ఎండాకాలం, కొత్తగా నాటిన చీనీ మొక్కలకు రోజూ నీళ్లు కావాలి. మా ఊరు కల్లూరులో కూర్చొని నేను ఫోనుతోనే బోరు మోటారు నడిపే ఏర్పాటు చేశాను. తొలి రూపంలో ఇరవై మూడు బటన్లు: ఓల్టేజీ, ఫేజులు, వేళలు, హెచ్చరికలు, వాటి హెచ్చరికలు.

"ఏమల్లుడా, ఇది మోటారా, ఇమానమా? నేనొత్తితే యాడికి లేస్తాది?" అన్నాడు మామ.

రోషం వచ్చిన ఇంజనీరు గొడ్డలి దొరికిన కోతివంటివాడు. అన్నీ నరికేశాను. మిగిలింది ఒక్క పచ్చ బటన్. ఒకసారి ఒత్తితే మోటారు తిరుగుతుంది, మళ్లీ ఒత్తితే ఆగుతుంది. తిరుగుతున్నదో ఆగినదో తెలిపే అక్షరాలు కూడా అందానికి అడ్డమని తీసేశాను. మామ ఫోనులో, నాగమ్మత్త ఫోనులో, నా ఫోనులో పెట్టాను. తలా ఒక చెయ్యి వేస్తే పని తేలికని పెద్దలన్నారు. తలా ఒక వేలు వేస్తే ఏమవుతుందో అనలేదు.

నాలుగోనాటి ఉదయం మామకు పక్కతోట మస్తాన్ ఫోన్ చేసి, మొక్కలు తలలు వాల్చేశాయన్నాడు. మామ నాకు చేశాడు. ఫోనులో మోటారు రికార్డు తెరిచాను. రోజూ తొమ్మిదింటికి మోటారు తిరిగింది, నిమిషంలోపే ఆగింది.

"మామా, రోజూ ఎవరు ఒత్తుతున్నారు?"

"నేనే. మీ అత్తకు పొద్దున శానా పని. ఆమెకెందుకు చెప్పేదని, తొమ్మిదికి మోటార్ల త్రీఫేజు కరెంటు రాంగానే గమ్మున ఒత్తుతాండా."

వెనక నుంచి అత్త అందుకుంది: "కాలినొప్పిలో మీ మామ మర్సిపోతాడని నేను గూడా ఒత్తుతాండా కదప్పా."

నలభై ఏళ్ల దాంపత్య ప్రేమను లెక్కలోకి తీసుకోని డిజైను నాది. మామ వేలు నడిపిన మోటారును అత్త వేలు ఆపుతూ వచ్చింది. ఎవరూ ముట్టుకోవద్దని, ఈసారి నేనే ఒత్తుతానని చెప్పాను. అల్లుడికి శ్రమెందుకని మామ ఒత్తాడట. మామకు శ్రమెందుకని అత్త ఒత్తిందట. ఏమీ ఎరుగని నేను మూడోసారి ఒత్తాను. నీళ్లు పారుతున్నాయని తోటలోనుంచి మస్తాన్ కబురు పంపాడు.

మామ గొంతులో నిష్ఠూరం. "ముగ్గురం ఒత్తాలని ముందే చెప్పొద్దా అల్లుడా?"

ఆ పూటే ప్రతిజ్ఞ చేశాను: బటన్లు ఎన్ని తగ్గించినా, మోటారు తిరుగుతున్నదో లేదో చెప్పే మాటను తగ్గించను, నడపడాన్నీ ఆపడాన్నీ ఈ జన్మలో ఒకే బటన్ కింద కాపురం పెట్టించను.

నష్టం: చీనీ మొక్కలు పదకొండు. కొత్త మొక్కల ధర, గుంతల కూలి, బస్సు ఛార్జీలు: నావి.