కొల్లేటి జలగల మేడం

మా జువాలజీ మేడం పోయారు. ఏలూరు నుంచి వాళ్ల పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పారు. "పొద్దున పాలు తీసుకోలేదండి. తలుపు తీయించి చూస్తే నిద్రలోనే పోయారండి. ఎవరికి చెప్పాలో తెలీక, ఆవిడ సెల్లులో పైనున్న నంబరుకి చేశాను." ఆ నంబరు నాది. మేడంతో నేను మాట్లాడి అప్పటికి నెల దాటింది.

ఆవిడ రోజూ ఏలూరు నుంచి ప్యాసింజర్‌లో తాడేపల్లిగూడెం వచ్చి మాకు పాఠం చెప్పేవారు. ల్యాబ్ కిటికీ దగ్గర గాజు సీసాల్లో కొల్లేటి జలగలుండేవి. వాటికి నీళ్లు తనే మార్చేవారు. మేం మొహం తిప్పుకుంటే, "అసహ్యం వేస్తే ఇంకాస్త దగ్గరికొచ్చి చూడండమ్మా" అనేవారు. అలా చూడడం నాకు నేర్పింది ఆవిడే.

"జలగ కరిస్తే నెత్తురు తొందరగా ఎందుకాగదండీ?" అని ఒకసారి అడిగాను.

"గాయమైతే నెత్తుట్లోని ప్లేట్‌లెట్లు తెగినచోట రక్తనాళం గోడకి అతుక్కుని మూసేస్తాయి. జలగ లాలాజలంలో ఒక ప్రొటీను ముందే ఆ గోడ మీద పరుచుకుంటుంది. నూనె రాసిన గోడకి సినిమా పోస్టరు అంటుకుంటుందా? అంతేనమ్మా."

పెళ్లయిన కొత్తలోనే ఆవిడ భర్త గుండె రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టి పోయారు. ఆ సంగతి నాతో ఒక్కసారే చెప్పారు, క్యారేజీ మూత బిగిస్తూ. "మనల్ని కాపాడే ప్లేట్‌లెట్లే ఆయన్ని తీసుకుపోయాయి." అందుకే జలగలోని ఆ ప్రొటీనును విడదీసి మందు చేయాలని పట్టుబట్టారు. మా కాలేజీలో అందుకు తగ్గ సామాను లేదు. సెలవులన్నీ వైజాగ్‌లో ఒక ల్యాబ్‌లో గడిపేవారు.

నేను ఎమ్మెస్సీ చదువుతున్న రోజుల్లో ఓసారి కలిస్తే, "అయిపోయిందమ్మా" అన్నారు. "ఆ ప్రొటీనును బయటిదేశం వాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారట. నాకే ఆలస్యంగా తెలిసింది."

"మరి ఇన్నేళ్ల మీ కష్టమండీ?"

"ఎవరో ఒకరు కనుక్కున్నారుగా. రేపు అది మందుగా మారితే ఎవరింట్లోనో ఒకాయన బతుకుతాడు."

తరవాతి ఆదివారం నన్ను తోడు రమ్మన్నారు. జలగల సీసాలు బుట్టలో పెట్టుకుని బస్సులో కొల్లేటి ఒడ్డుకి వెళ్లాం. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలోకి దిగారు. నన్ను రానివ్వలేదు. ఒక్కో సీసా నెమ్మదిగా వంచారు. గట్టెక్కాక చూస్తే చీలమండ దగ్గర నెత్తురు కారుతోంది. నేను రుమాలు తీశాను.

"ఉండనీ అమ్మా. అదే ఆగుతుంది."

గడ్డి మీద కాలు చాపుకుని కూర్చున్నారు. చుట్టూ చేపల చెరువులు, ఎక్కడా మనిషి అలికిడి లేదు. మేం ఎక్కాల్సిన బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. ఆవిడ తలెత్తలేదు. పాదం మీదుగా దిగిన సన్నటి ఎర్రగీత చివర నుంచి ఒక్కో బొట్టూ గడ్డిలోకి జారుతుంటే, దాన్నే చూస్తూ కూర్చున్నారు.