చన్నీళ్ళు వచ్చిన దారి

వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి చెయ్యి పెడితే ముందు చల్లగా తగులుతాయి. కాసేపటికి వేళ్ళు చురుక్కుమని, తడిగోడ వాసనతో ఆవిరి లేస్తుంది. ఆ వాసన ముక్కుకు సోకితే చాలు, నాకు సుభద్ర మేడమ్ గుర్తొస్తారు. ఫ్యాక్టరీలో నీటి పైపులు బాగుచేసే మా విభాగానికి ఆవిడే పెద్ద. ఆవిడ కేక వేస్తే కాకలు తీరిన ఫిట్టర్లు కూడా హడలిపోయేవారు. నా సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. రోజూ పొద్దున్నే వేణ్ణీళ్ళలో నానబెట్టి వేళ్ళు సాగదీయాలనీ, ఈ కొన్ని నెలలూ అశ్రద్ధ చేస్తే చెయ్యి అలాగే బిగుసుకుపోతుందనీ డాక్టరు చెప్పారు. సరిగ్గా అప్పుడే మా గీజరు మొరాయించింది. కాయిల్ మార్చాను, థర్మోస్టాట్ మార్చాను. అయినా గోరువెచ్చటి నీళ్ళే. పొయ్యి మీద కాస్తానంటే, గ్యాసు అయిపోతుందని అమ్మ ఒప్పుకునేది కాదు. "సాల్లేరా సింహాచలం, ఈ సేతికి ఇంకేటి వైద్యం" అని మొహం తిప్పుకునేది. చెయ్యి కన్నా ముందు మనసు చచ్చిపోతోందని నాకు భయం పట్టుకుంది.

ఓ ఆదివారం మేడమ్ బత్తాయిలు పట్టుకుని అమ్మను చూడటానికి వచ్చారు. గీజరు సంగతి చెవిన పడగానే కొంగు దోపుకుని బాత్రూంలోకి నడిచారు.

"రోగం తెలీకుండానే ఆపరేషన్లు చేసీసావన్నమాట" అని నవ్వి, గీజరులోకి చన్నీళ్ళు వెళ్ళే వాల్వు నాచేత కట్టించారు. "ఇప్పుడు వేణ్ణీళ్ళ కుళాయి తిప్పు."

"చుక్క కూడా రాదు మేడమ్. లోపలికి నీళ్ళే వెళ్ళట్లేదు కదా."

"తిప్పవయ్యా."

తిప్పాను. ధారగా వచ్చాయి! నోరెళ్ళబెట్టాను.

"గీజరుకి ఏటీ కాలేదు. చన్నీళ్ళు ఇంకో దారంట వచ్చి కలిసిపోతన్నాయి."

ఆ దారి అమ్మ ఒక్కతే వాడే చేతిషవరు దగ్గర దొరికింది. దాని వేడినీళ్ళ నాబ్, చన్నీళ్ళ నాబ్ రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. షవరు చివరి బొత్తాం మాత్రం మూసి ఉంది. బయటికి చుక్క కారదు, లోపల మాత్రం చన్నీళ్ళు వేణ్ణీళ్ళ పైపులోకి వెళ్ళి కలిసిపోతాయి. "ఎవరిలా వదిలేసింది?" అని నేను గొంతు పెంచబోతే మేడమ్ చేత్తో వారించారు. ఆ నాబ్‌లను తనే తిప్పి కట్టి, బయటికొచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు.

"బాగా బిగుసుకుపోయాయమ్మా. నాకే కష్టమైంది" అన్నారు మెల్లగా.

అమ్మ కళ్ళనిండా నీళ్ళు. "ఎడంసేత్తో ఓపాలి ఎలాగో తెరిసినానమ్మా. మరి కట్టనేకపోనాను. బొత్తామైతే నొక్కగల్ను. ఆడికి సెప్తే బెంగెట్టీసుకుంటాడని ఊరుకున్నాను."

మమ్మల్ని గడగడలాడించే మనిషి అమ్మ చేతిని ఒళ్ళోకి తీసుకుని వేళ్ళు నిమురుతూ కూర్చున్నారు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. నీళ్ళ దారి వెతుకుతూ వెళ్ళి, అమ్మ నాక్కూడా చెప్పుకోలేని బాధ దాకా చేరుకున్నారావిడ. అంతటి చూపు ఒక మనిషికి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడే ఆసుపత్రుల్లో ఉన్నట్టు మోచేత్తో నెట్టే కుళాయిలు బిగించాను. అమ్మ చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు గానీ, నాకు ముద్ద కలిపి పెట్టేంత వచ్చింది. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళు "ఈ వాల్వు కట్టకుండా వదిలేసిందెవడు?" అని అరిస్తే, నేను ముందు వెళ్ళి ఆ వాల్వు ఎంత బిగుసుకుందో తిప్పి చూస్తాను.